ఉల్లాసానికి నాలుగు మార్కులు

ఓడ దిగి ఇళ్లకు వెళ్లిపోయిన వాళ్లు ఓడ గురించి ఏమనుకున్నారో చదవడమే ఆమె ఉద్యోగం. రేవుకు ఎదురుగా కంపెనీ భవనం, అందులో మూడో అంతస్తు, జెరాక్స్ మిషను పక్కన బల్ల. వారమో పదిరోజులో సముద్రం మీద విలాసంగా తిరిగొచ్చిన ప్రయాణికులు చివరి రోజున ముప్ఫై రెండు ప్రశ్నల ఫారం నింపుతారు. పడక మెత్తదనానికి పదికి ఎన్ని, భోజనం వేడికి ఎన్ని, గది శుభ్రానికి ఎన్ని, మిమ్మల్ని పేరుతో పలకరించారా, సిబ్బంది ఉల్లాసానికి ఎన్ని. అడుగున నాలుగు గీతల ఖాళీ ఉంటుంది, 'మీ మాటల్లో' అని. ఆ నాలుగు గీతలూ చదివి, అది పొగడ్తో ఫిర్యాదో తేల్చి, ఎవరికి చెందుతుందో వాళ్ల పేరు మీద కంప్యూటర్లో ఎక్కించాలి. ఆఫీసులో ఆమెను అందరూ మార్కులక్క అనేవారు, ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా.

కొన్ని ఫారాలు చదువుతుంటే నవ్వాగేది కాదు. 'ఓడ ఊగుతోంది, కాస్త తగ్గించగలరు' అని ఒకాయన రాశాడు. చందమామ ఎప్పుడూ ఓడకు అవతలి వైపే ఉంటోందని, అంత డబ్బు పోసినవాళ్లకు అది న్యాయం కాదని ఇంకొకావిడ. తువ్వాలును ఏనుగులా మడిచి మంచం మీద పెట్టినందుకు ఒక కుటుంబం పదికి పది వేస్తే, అలాంటి ఏనుగునే చూసి తమ పాప జడుసుకుందని పక్క గదివాళ్లు మూడు వేశారు. అలాంటివి దొరికితే మార్కులక్క పైకి చదివేది. పక్క బల్లల వాళ్లు పొట్టలు పట్టుకునేవారు. ఆ తర్వాత ఆ మూడు మార్కులు ఏనుగును మడిచిన మనిషి పేరు మీద ఎక్కించేది. నవ్వు నవ్వే, పని పనే.

ఆమె ఊరికే వచ్చి ఆ బల్ల ముందు కూర్చోలేదు. పదకొండేళ్లు ఆ ఓడల్లోనే గదులు చూసింది. పద్నాలుగు గదులు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పరుపులు ఎత్తీ ఎత్తీ నడుము పోయాక కంపెనీ ఆమెను ఒడ్డున పడేసింది. బయటికి పంపకుండా బల్ల ఇచ్చారంటే ఆమె మార్కుల వల్లే. పదకొండేళ్లలో ఎనిమిదికి తగ్గిన ఫారం ఆమె పేరు మీద ఒక్కటి లేదు. పని మంచిదైతే మార్కులు వాటంతట అవే వస్తాయని ఆమె గట్టిగా నమ్మేది. రానివాళ్లలో ఏదో లోటు ఉండే ఉంటుందనుకునేది.

చెల్లెల్ని ఓడలో చేర్పించింది ఆమే. ఇద్దరి మధ్యా తొమ్మిదేళ్ల తేడా. తండ్రి పోయాక తల్లీ, ఇద్దరు కూతుళ్లూ రెండు గదుల వాటాలో ఉండేవారు. మార్కులక్కకు పెళ్లయింది గానీ రెండేళ్లకే ఎవరి దారిన వాళ్లు పోయారు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. చెల్లెలు మాట తక్కువ మనిషి. దిగులేస్తే మొహం మీద ఇట్టే తెలిసిపోయేది.

"ఇది నవ్వదే, దీన్ని అక్కడ ఉంచుకుంటారంటావా?" అని తల్లి అనుమానపడింది.

"నవ్వడం నేను నేర్పిస్తాలే అమ్మా," అంది పెద్దది. అద్దం ముందు నిలబెట్టి వారం రోజులు నేర్పించింది కూడా. కళ్లు కలపడం, తల కొంచెం వంచడం, పళ్లు ఎన్ని కనపడాలో అంత వరకే.

కంపెనీలో ఒక నియమం ఉంది. ఒక్క ఏడాదిలో ఆరుకు తక్కువ మార్కులు మూడుసార్లు పడితే ఆ మనిషి ఒప్పందం మళ్లీ రాయరు. ఆ ఏడు చెల్లెలికి అప్పటికే రెండు పడ్డాయి. ఒకటి, ప్రయాణం పొడుగునా వాన కురిసిందని ఒకాయన అన్ని ప్రశ్నలకూ వరసగా రెండేసి వేసుకుంటూ పోయాడు. రెండోది, స్నానాల గదిలో గాలి ఆడటం లేదని వేసింది. రెండింటినీ ఎక్కించింది అక్కే. మనసు చివుక్కుమన్నా, అదేమన్నా చేత్తో గాలి విసరగలదా పాపం అని లోలోపల గొణుక్కుని, ఎక్కించేసింది.

తల్లి పోయింది ఒక ఆదివారం పొద్దున. టీ కప్పు అందుకుంటూ, చెయ్యి చాచిన మనిషి చాచినట్టే పక్కకు వాలిపోయింది. అప్పటికి ఓడ నడిసముద్రంలో ఉంది. తర్వాతి రేవు చేరడానికి మూడు రోజులు. మార్కులక్క ఆఫీసు వాళ్లను బతిమాలి ఓడకు ఫోను కలిపించుకుంది.

"వచ్చే రేవులో దిగి వచ్చేస్తానక్కా," అంది చెల్లెలు.

"వచ్చి ఏం చూస్తావే? నువ్వొచ్చేసరికి అంతా అయిపోతుంది. మధ్యలో దిగిపోతే ఒప్పందం పోతుంది. రెండు నెలలు ఓర్చుకో."

"నాకు చేతులు ఆడటం లేదు."

"ఏడవాలనిపిస్తే నీ గదిలో ఏడువు. బయట మాత్రం మొహం చెదరనీకు. విన్నావా?"

చెల్లెలు 'ఊఁ' అంది. తల్లిని సాగనంపే రోజున మార్కులక్క పక్కన పైవాటా వాళ్లు ఇద్దరు, పాలాయన, ఆఫీసు నుంచి ఒకామె నిలబడ్డారు. అంతే.

పద్దెనిమిదో రోజున ఆ ఓడ ఫారాలు బల్ల మీదకొచ్చాయి. కట్టలో సగం దాకా వచ్చాక గుండ్రటి, ముత్యాల్లాంటి చేతిరాత కనపడింది. రిటైరైన టీచరమ్మ, ఒంటరి ప్రయాణం. గది శుభ్రానికి పది, పడకకు పది, పలకరింపుకు పది. సిబ్బంది ఉల్లాసానికి నాలుగు. అడుగున ఇలా రాసి ఉంది: 'నా గది చూసిన అమ్మాయి పనికి వంక పెట్టలేను. కానీ మూడో రోజు నుంచి ఆమె కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఏమైందమ్మా అంటే ఏం లేదండీ అని నవ్వింది. ఆ నవ్వు నేను చూడలేకపోయాను. దయచేసి ఆ పిల్లకు నాలుగు రోజులు సెలవివ్వండి.'

గది నంబరు చూడక్కర్లేకపోయింది. మార్కులక్క ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టి అలాగే కూర్చుంది. ఇన్నేళ్లలో చెల్లెలి గురించి ఎవరైనా ఇంత ప్రేమగా రాయడం ఆమె ఎరగదు. అయినా కంప్యూటర్లో ప్రేమకు గడి లేదు. ఉల్లాసం అన్న గడిలో నాలుగు పడుతుంది. దాంతో మూడు పూర్తవుతాయి.

ఆ ఫారాన్ని చింపి పారేయడానికి లేదు. ఫారాలకు వరస నంబర్లుంటాయి, ఒకటి తగ్గితే పట్టుబడుతుంది. నాలుగును తొమ్మిదిగా దిద్దడం ఎంత పని? కలం తీసింది, మూత పెట్టింది, మళ్లీ తీసింది. తన చేత్తో దొంగపని చెయ్యడానికి మనసొప్పలేదు. ఎక్కించడానికి పై వారం శుక్రవారం దాకా గడువుంది. మర్నాడు, గురువారం మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్లాక మెట్ల మలుపులో నిలబడి, ఫారం మీదున్న నంబరుకు ఫోను చేసింది.

"నేను ఓడ కంపెనీ నుంచండీ. మీరు రాసింది చదివాను."

"సంతోషమమ్మా. ఆ పిల్లకు సెలవిచ్చారా?"

"లేదండీ. మీరు వేసిన నాలుగు మార్కుల వల్ల ఆ పిల్ల ఉద్యోగం పోతుంది."

టీచరమ్మ గొంతు సన్నగా వినపడింది. "నేను వేసింది ఆ అమ్మాయికి కాదు కదమ్మా. అంత కష్టంలో ఉన్న మనిషి చేత పని చేయిస్తున్నారే, వాళ్లకు వేశాను. ముప్ఫై ఏళ్లు పిల్లలకు మార్కులేశాను. ఒకడికి తక్కువొస్తే వాడికేం కష్టమొచ్చిందో కనుక్కునేవాళ్లం. మీ దగ్గర అలా చూడరా?"

"చూడరండీ."

"అసలివి ఎవరు చదువుతారు?"

"నేనేనండీ చదివేది."

"మరి నీకు తెలుసా, ఆ పిల్లకేమైందో?"

అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు. "మా అమ్మ పోయిందండీ. అది నా చెల్లెలు."

ఆ మాట అనడంతోనే పద్దెనిమిది రోజులుగా రాని ఏడుపు తన్నుకొచ్చింది. టీచరమ్మ ఫోను పెట్టలేదు. వెక్కిళ్లు తగ్గేదాకా ఆగి, "ఏం చెయ్యమంటావో చెప్పు," అంది. కొత్త ఫారం పంపిస్తాను, నాలుగు బదులు తొమ్మిది వేసి పంపండి, ఇంకేం రాయకండి, అని మార్కులక్క బతిమాలుకుంది. టీచరమ్మ సరేనంది.

కొత్త ఫారం రాలేదు. దాని బదులు కంపెనీ పెద్దకే నేరుగా ఉత్తరం వచ్చింది, అదే ముత్యాల రాతలో మూడు పేజీలు. తొమ్మిది మార్కులతో సరిపెట్టడం ఆ పెద్దావిడకు మనస్కరించలేదు. తల్లి పోయిన దుఃఖంలో కూడా రోజుకు రెండుసార్లు తన పక్క సర్దిన అమ్మాయి గురించి రాసింది. ఆ అమ్మాయి కోసం ఫోను చేసి, తొమ్మిది వెయ్యమని ఏడ్చిన అక్క గురించి రాసింది. ఇలాంటి మనుషులు మీ దగ్గర పనిచేయడం మీ అదృష్టం, వాళ్లను కాపాడుకోండి అని ముగించింది.

సోమవారం విభాగం పెద్ద ఆమెను గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు. ఒకప్పుడు ఓడ వంటింట్లో పళ్లేలు కడిగి పైకొచ్చినవాడు. ఉత్తరం బల్ల మీద పెట్టి, చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఫోను చేశారా మార్కులక్కా?"

"చేశాను సార్."

"చెయ్యలేదని చెప్పినా బాగుండేది."

ప్రయాణికుల నంబర్లు సొంత పనికి వాడటం, సొంత మనుషుల మార్కులు మార్పించబోవడం, ఈ రెంటికీ క్షమాపణ లేదని కంపెనీ నియమాల పుస్తకంలో రాసి ఉంది. ఆ నియమాన్ని కొత్తవాళ్లకు చదివి వినిపించే పని కూడా ఆమెదే.

"తీసేశామని రాయను. మీరే మానేస్తున్నట్టు రాసివ్వండి. నా చేతిలో ఉన్నది అంతే."

"మా చెల్లెలి సంగతి?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "నాలుగు నాలుగేనమ్మా. ఓడ దిగాక రాసిన ఉత్తరాలు లెక్కలోకి రావు."

ఆమె అక్కడే నిలబడి రాసిచ్చింది. సొరుగులో ఉన్న దువ్వెన, చలికి కప్పుకునే శాలువా, నడుము నొప్పి మందు సంచిలో వేసుకుంది. పక్క బల్లల వాళ్లు తలలు వంచుకుని పని చేస్తూనే ఉన్నారు. వాళ్ల మీద ఆమెకు కోపం రాలేదు. ఇంకొకరు సంచి సర్దుకుంటున్నప్పుడు తనూ అలాగే తల వంచుకునేది.

తర్వాత కొన్నాళ్లకు కంపెనీ కొత్త కరపత్రం వీధి చివర కొట్లో కనపడింది. నీలం సముద్రం, తెల్లటి ఓడ, కింద ఒక వాక్యం: 'ఇలాంటి మనుషులు ఉండడం మీ అదృష్టం — ఒక ప్రయాణికురాలు.' ఆమె రెండుసార్లు చదివి, దాన్ని తీసిన చోటే పెట్టేసింది.

ఒప్పందం అయిపోయి చెల్లెలు ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చింది. మనిషి సగమైంది. తల్లి మంచం గోడవారన నిలబెట్టి ఉండటం చూసి, ఆ ఖాళీ చోట నేల మీద కూర్చుంది. అక్క పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది, ఫారం సంగతి, ఫోను, ఉత్తరం. చెల్లెలు కళ్లప్పగించి వింది.

"ఆవిడ మంచిదే అక్కా. రోజూ తన పళ్లెంలో ఒక పండు నాకోసం ఉంచేది."

"తెలుసు."

"నువ్వు నన్ను రావద్దన్నావు."

"అన్నాను."

"అమ్మ మొహం చూసుండేదాన్ని కాదని తెలుసు. అయినా దారిలో ఉండేదాన్ని కదా. వస్తూ ఉండేదాన్ని. అక్కడ నేను ఏనుగులు మడుస్తూ కూర్చున్నాను." కోపంగా అనలేదు, అలిసిపోయినట్టు అంది. కాస్త ఆగి, "నువ్వు ఆ బల్ల దగ్గరున్నప్పుడు నాలాంటి వాళ్లు ఎంతమంది పోయుంటారక్కా?" అని అడిగింది.

మార్కులక్క లెక్క వేసుకుంది. ఏడాదికి పదిమందో, ఇరవైమందో. పేర్లు ఎన్నడూ గుర్తు పెట్టుకోలేదు. ఆ బల్ల దగ్గర కూర్చుంది ఏడేళ్లు. లేచి వెళ్లి స్టవ్ వెలిగించింది.

ఆ చలికాలం అక్కకు ఆస్పత్రిలో దుప్పట్లు లెక్కపెట్టి ఇచ్చే పని దొరికింది. చెల్లెలు రెండు నెలలు ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా వేరే కంపెనీకి దరఖాస్తు పెట్టి, ఓడ అడుగు అంతస్తులో బట్టలుతికే చోట చేరింది. అక్కడికి ప్రయాణికులు రారు. కిటికీలు ఉండవు, మిషన్ల హోరులో పక్కవాళ్ల మాట వినపడదు.

రేవుకు చేరినప్పుడల్లా ఫోను చేస్తుంది. మాటలు రెండు నిమిషాల్లో అయిపోతాయి. కిందటిసారి చేసినప్పుడు, ఎలా ఉన్నావే అని అక్క అడిగితే, "బాగానే ఉందక్కా. ఇక్కడ నా మొహం ఎవరూ చూడరు," అంది.

అక్క ఏదో అనబోయింది. ఈలోగా అవతల ఎవరో పిలిచారు, చెల్లెలు పెట్టేసింది.