మా సీనియర్ గెలిచిన దుమ్ము కేసు

మా సీనియర్ పోయారని ఆఫీసు గుమాస్తా ఫోన్ చేసినప్పుడు నేను సిటీ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాను. "మేడమ్, పెద్ద సార్ తెల్లారగట్ల ఎల్లిపోనారు" అన్నాడు. "నిద్దర్లోనే. మీరొత్తారు కదా?" అని అడిగాడు. కండక్టర్ చిల్లర ఇస్తుంటే చెయ్యి చాచడం కూడా మర్చిపోయాను.

ఆయన ఇంటిముందు చేరినవాళ్లంతా ఒకే మాట అన్నారు: ఎంతమందికి ఎంత పన్ను తగ్గించారో మహానుభావుడు, అని. నిజమే. ఆదాయపన్ను లాయరు చేసేది అదే. కానీ ఆయన్ని తలుచుకోవాల్సింది అందుకేనా అని నాకు అనుమానం. నాకు ఎప్పుడూ అనుమానాలే. "అనుమానం మన వృత్తికి ఉప్పులాంటిది అమ్మాయ్. ఉండాలి. గుప్పెళ్లతో మాత్రం వెయ్యకు" అనేవారు ఆయన.

తొంభైల మొదట్లో, యూనివర్సిటీలో లా పూర్తిచేసి ఆయన దగ్గర చేరాను. ఆయన గోదావరి జిల్లా మనిషి. తండ్రి ఈ ఊరి పోర్టులో ఉద్యోగానికి వస్తే కుటుంబమంతా ఇక్కడే ఉండిపోయింది. ఊరు మారినా 'అండీ' మారలేదు. గుమ్మానికి అడ్డంగా పడుకున్న పిల్లిని కూడా "కాస్త జరుగుతారా అండీ" అని అడిగేవారు. చట్టంలో సెక్షన్ ఏదైనా చదవాలంటే కుర్చీలోంచి లేచి, నిలబడి, పైకి చదివేవారు. చదివాక పుస్తకం మూసేసి, "పదండి, చూసొద్దాం" అనేవారు. వస్తువు కంటితో చూడకుండా వాదించకూడదన్నది ఆయన పద్ధతి. తోటి లాయర్లు నవ్వుకునేవాళ్లు. కాగితాలుండగా ఎండలో తిరగడమెందుకని నేనూ లోపల విసుక్కునేదాన్ని.

అలా చూడటానికి వెళ్లిందే మల్కాపురం వైపున్న ఖనిజప్పొడి మిల్లు. యజమాని కొత్తగా దుమ్ము పట్టే యంత్రం పెట్టాడు. పొడవాటి గుడ్డ సంచుల్లోంచి గాలిని లాగి, దుమ్మును ఆపేస్తుంది. మామూలు యంత్రమైతే దాని ఖరీదుని తరుగుదల కింద ఏటా కొంచెం కొంచెంగా ఆదాయంలోంచి తగ్గించుకోవాలి. కాలుష్యాన్ని ఆపేదైతే, వాడిన మొదటి ఏడాదే మొత్తం తగ్గించుకోవచ్చు. పన్నుల అధికారి ఒప్పుకోలేదు. సంచుల్లో పడ్డ పొడిని మళ్లీ బస్తాలకెత్తి అమ్ముతున్నారు కాబట్టి ఇది ఉత్పత్తి యంత్రమే అన్నాడు. ఒప్పుకోకపోతే పీకి అమ్మేస్తానని యజమాని మాతో అన్నాడు.

మిల్లు గోడ వెనక సందులో ఒక పెద్దావిడ నేలంతా నెత్తళ్లనే చిన్న చేపల్ని ఎండబెట్టుకుంటోంది. మా సీనియర్ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"సేపలు తినరా ఏటి బాబూ?"

"తిననండి. చూస్తానండి."

ఆవిడ పకపకా నవ్వింది. ఆయన వంగి ఒక చేపని తీసుకుని వేలితో రుద్ది చూశారు. దుమ్ము లేదు. "ఆ మిసను ఎట్టినకాడ్నించీ బాగున్నాయి బాబూ. అంతకుముందు సున్నం కొట్టినట్టుండీవి. ఒక్కలు కొంటే ఒట్టు" అందావిడ.

అప్పీలులో ఆయన చెప్పిన మాట నాకింకా చెవిలో ఉంది. "గొడుగు వేసుకున్నవాడు దాని అంచున కారే నీళ్లు బిందెలో పట్టుకున్నాడనుకోండి. గొడుగు గొడుగు కాకుండా పోతుందాండీ? ఈ యంత్రం తిరుగుతోంది, దుమ్ముని ఆపుతోంది. నేను కళ్లారా చూశాను." మేం గెలిచాం.

తీర్పు చేతికొచ్చిన సాయంత్రం ఆయన తిన్నగా ఆటోని ఆ సందుకి పోనిమ్మన్నారు. పెద్దావిడకి చెప్పాలని చిన్నపిల్లాడి ఉత్సాహం. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"మీరు గెలిసీసినారంట గదా బాబూ. నా సేపలు సూడండి మరి."

నెత్తళ్లన్నీ బూడిదలో పొర్లించినట్టున్నాయి. గోడవతల యంత్రం చప్పుడు లేదు.

"చట్టం ప్రకారం ఆ ఏడాది వాడితే చాలు కదండీ. ఇప్పుడు ఆపేసినా తీర్పుకేం కాదు" అన్నాను.

"ఏం కాదు అమ్మాయ్. అదే నా బాధ" అన్నారు.

ఆవిడనడిగి గుప్పెడు చేపలు పేపర్లో పొట్లం కట్టించుకున్నారు. చేప వాసనకే ఆమడ దూరం పోయే మనిషి ఆ పొట్లాన్ని నల్లకోటు జేబులో పెట్టుకుని యజమాని ఏసీ గదిలోకి నడిచారు. విప్పి టేబుల్ మీద పెట్టారు. గదంతా వాసన.

"ఇదేంటి లాయరు గారూ, మీరు చేపలు మొదలెట్టారా?" అని యజమాని నవ్వబోయాడు.

"యంత్రం తిరుగుతోందని అప్పీలులో నా నోటితో చెప్పానండీ."

"అప్పుడు తిరిగింది కదండీ! దానికి కరెంటు ఎంతవుతుందో తెలుసా? కేసు గెలిచారు, సంతోషం. మిల్లు సంగతి మీకెందుకు?"

"అయితే మీ ఫైళ్లు రేపు పంపించేస్తానండీ. తిరగని యంత్రానికి వాదించిన లాయర్నని ఆ సందులో అనిపించుకోలేను."

యజమాని ముక్కు మూసుకుని పొట్లాన్ని దూరంగా జరిపాడు. తర్వాత లేచి, ఫోన్లో ఎవరితోనో "ఆన్ చెయ్యండ్రా" అన్నాడు.

ఆ యంత్రం ఆ తర్వాత ఎంతకాలం తిరిగిందో నేను చెప్పలేను. మరుసటి ఏడాది ఆ మిల్లు ఫైళ్లు వేరే ఆఫీసుకి వెళ్లిపోయాయి. పనిమీద అటు వెళ్లినప్పుడల్లా ఆయన ఆటోని ఆ సందులోంచి తిప్పించేవారు. చప్పుడు వినిపించిన రోజులున్నాయి, వినిపించనివీ ఉన్నాయి. వినిపించని రోజు యజమానికి మళ్లీ ఫోన్ చేసి, మాటపడేవారు. పని తీర్పుతో అయిపోదని అక్కడే నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ నా ఫైళ్లు ఒక పట్టాన మూతపడవు. దానికి ఆయనకెంత రుణపడ్డానో ఎప్పుడూ చెప్పలేదు.

తీర్పొచ్చిన ఆ సాయంత్రం యజమాని గదిలోంచి బయటికొచ్చి మళ్లీ సందులోకి వెళ్లాం. గోడవతల ఏదో మూలిగినట్టయి, ఆ మూలుగు హోరుగా మారింది. పెద్దావిడ చెవులు మూసుకుంటూ బయటికొచ్చింది.

"ఏటి బాబూ ఈ గోల! టీవీ ఇనబడట్నేదు. కూసింత తగ్గించమనండి, మీకు పున్నెముంటాది!"

"తిట్టండి, ఇంకా తిట్టండి!" అంటూ ఆయన నవ్వారు. అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆగమన్నట్టు చెయ్యెత్తి, నల్లకోటుతోనే మిల్లు గోడకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటూ ఉండిపోయారు.