మట్టి కనబడే ఫోటో

మా చర్చి సంఘం రజతోత్సవ సంచికను నేను పనిచేసే పంజగుట్ట ప్రింటింగ్ షాపుకు తెచ్చింది నేనే. మందిరం కట్టి పాతికేళ్ళయిన సందర్భంగా వేస్తున్న పుస్తకం అది. డిజైన్ కూడా నేనే చేస్తానని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ ముందు నిలబడి చెప్పాను. బోరబండ బస్తీ పిల్లకు ఇంత పని అప్పజెప్పడమా అన్నట్టు ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. అయ్యగారు, అంటే మా పాస్టరు, సరేనన్నారు.

ఫోటోలు పంపే బాధ్యత కార్యదర్శి గారిది. లక్డీకాపూల్‌లో ఏదో ప్రభుత్వ ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. అన్నీ ఒకే సాయంత్రం వాట్సాప్‌లో కుమ్మరించారు. వాళ్ళబ్బాయి ఐఫోన్‌తో తీసినవి మెయిల్లో వచ్చాయి. అవి హెచ్‌ఈఐసీ ఫైళ్ళు, మా షాపు పాత కంప్యూటర్ వాటిని తెరవనే లేదు, ఒక్కొక్కటీ జేపీజీలోకి మార్చుకున్నాను. సంఘం చిహ్నాన్ని ఫోన్ స్క్రీన్‌షాట్ తీసి పంపారు, చుట్టూ తెల్ల డబ్బాతో సహా. దాన్ని మొదటి నుంచి గీతలతో వెక్టర్‌గా గీశాను. అలా గీస్తే అట్ట మీద అణా బిళ్ళంత వేసినా, గేటు దగ్గర ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద వేసినా అంచులు చెదరవు. మందిరంలో తెర మీద పాటల వెనక వేసుకోవడానికి దాన్నే పీఎన్‌జీ చేసి ఇచ్చాను, వెనక తెలుపు లేకుండా. మధ్యలో మల్లెపూలు ఊగే శుభోదయం జిఫ్ ఒకటి పొరపాటున వచ్చింది. పుస్తకంలో పూలు ఊగవు కాబట్టి దాన్ని వదిలేశాను.

ఆ కుప్పలోనే ఉంది ఆడవాళ్ళ ఫోటో. సగం లేచిన గోడ ముందు పదిహేను మంది ఉన్నారు. ఎన్ని ఫోన్లు తిరిగి వచ్చిందో, మొహాలన్నీ గోధుమరంగు గళ్ళయిపోయాయి. అయినా రెండో వరసలో ఎడమ పక్కన నిలబడ్డ తీరు చూసి మా అమ్మను గుర్తుపట్టాను. బోరబండ నుంచి కూలికి వెళ్ళే ఆ ఆడవాళ్ళు నాలుగు నెలల పాటు తమ పని ముగించుకుని వచ్చి, మేస్త్రీలకు ఇటుకా ఇసుకా మోశారు. ఆ సంగతి మా ఇంట్లో అన్నం తింటూ చెప్పుకునే మాట. సంచికలో రాసినవాళ్ళు ఎవరూ దాన్ని రాయలేదు.

కమిటీకి మొదటి నమూనా చూపించిన రోజు కార్యదర్శి గారు ఆ పేజీ దగ్గర ఆగి, ఫోటో క్లియర్‌గా లేదు, క్వాలిటీ దెబ్బతింటుంది, తీసేయమన్నారు. ఆ మాట తప్పనడానికి లేదు. క్లియర్‌ది తెస్తానన్నాను. ఆయన తల ఊపారు, ఎక్కడ తెస్తుందిలే అన్నట్టు.

ఈ ఫైళ్ళ సంగతి నాకు నేర్పింది అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ సారు. కోస్తా మనిషి. అరవై మంది కూర్చునే గదిలో వంద మందిమి, ఫ్యాన్ల చప్పుడులో ఆయన గొంతు చించుకునేవారు. ఎవరైనా జేపీజీని తెరిచి, దిద్ది, మళ్ళీ జేపీజీగానే సేవ్ చేస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "ఏంటమ్మా ఇది? జేపీజీ అంటే చిన్నగా అవడానికి కొంత పారేసే ఫైలు. దిద్ది సేవ్ చేసినప్పుడల్లా ఇంకొంత పారేస్తుంది. పారేసింది మళ్ళీ రాదు. అసలుది టిఫ్‌లో దాచుకోండి, కాపీలు జేపీజీలో పంచుకోండి" అనేవారు. పారేసింది రాదన్న మాట నాకు బాగా ఎక్కింది. అంటే మా అమ్మ మొహం ఆ వాట్సాప్ ఫోటోలో లేదు. ఏ సాఫ్ట్‌వేర్‌తో రుద్దినా రాదు. కాగితం మీది ఫోటో వెతకాలి.

అమ్మను అడిగితే, తమతో కలిసి మోసిన పెద్దమ్మ ఇంట్లో ఆ ఫోటో ఉందని చెప్పింది. నాకు చుట్టమేమీ కాదు, అందరం పెద్దమ్మ అనే పిలుస్తాం. వెళ్ళి చూస్తే గోడకు ఫ్రేములో ఉంది. వానాకాలాల చెమ్మకు ఫోటో అద్దానికి అంటుకుపోయింది. లాగితే మొహాలు ఊడి వస్తాయి. నేను షాపుకు తీసుకెళ్ళి తెస్తానంటే ఆమె ఒప్పుకోలేదు.

"ఇయ్య బిడ్డా. గా ఫోటో యాడికి పోతే నేను సుత ఆడికే వస్త" అంది.

ఆటోలో ఫ్రేమును ఒళ్ళో పెట్టుకుని నాతో పంజగుట్ట వచ్చింది. చెక్క చట్రం విప్పేసి, అద్దంతో సహా ఫోటోను స్కానర్ మీద బోర్లించాను. మొదటిసారి అద్దం మీది మరకలు పడ్డాయి. తుడిచి, నల్లగుడ్డ కప్పి, అంగుళానికి ఆరు వందల చుక్కల చొప్పున మళ్ళీ స్కాన్ చేసి టిఫ్‌గా దాచాను. ఏదీ పారేయని ఫైలు కాబట్టి బరువు ఎక్కువ, తెరుచుకునేసరికి కంప్యూటర్ మూలిగింది. ఆ లైటుకు ఫోటో కాలిపోదు కదా అని పెద్దమ్మ రెండుసార్లు అడిగింది.

తెర మీద పెద్దది చేసి చూపించాను. ఆమె లేచి దగ్గరికి వచ్చింది.

"గిది నా చెయ్యే. తట్ట అంచు కోసుకపోతే బొటనవేలుకు గుడ్డ కట్టుకున్న. కట్టు సుత కనబడుతుంది సూడు."

కనబడింది. ఎండకు కళ్ళు చికిలించిన అమ్మ కనబడింది, నాకంటే చిన్న వయసులో. చీరలకు అంటిన తడి మట్టి కూడా కనబడింది.

ఆ ఆదివారం లాప్‌టాప్ తీసుకెళ్ళి కమిటీకి చూపించాను. కార్యదర్శి గారు చాలాసేపు చూశారు.

"క్లియర్‌గానే ఉందమ్మా. కానీ చూడు, అందరి చీరలకూ మట్టే, చేతుల్లో తట్టలు. పండుగ పుస్తకంలో ఇట్లాంటిది బాగుంటుందా?"

"క్లియర్‌గా లేదని తీసేయమన్నారు సార్. ఇప్పుడు క్లియర్‌గా ఉందని తీసేయమంటున్నారా?"

కావాలంటే చివరి పేజీలో మూలకు చిన్నగా వేద్దామన్నారాయన. పూర్తి పేజీ లేకపోతే పుస్తకం చేయనని, ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేస్తానని చెప్పాను. చెప్పాక కూర్చోలేదు, నిలబడే ఉన్నాను. వచ్చే ఆదివారం మాట్లాడుకుందామని అయ్యగారు ప్రార్థన చేసి లేచారు.

మర్నాడు షాపు ఓనరన్న నన్ను పిలిచాడు. ఆయనకు ఎవరో ఫోన్ చేసినట్టున్నారు. "పని ఇచ్చే పార్టీతోని లొల్లి ఏంది? నువ్వే తెచ్చిన పని, నువ్వే పోగొడుతవా?" అన్నాడు. పోతే పోనీ అన్నాను. ఇంట్లో అమ్మ కూడా పెద్దోళ్ళతో ఎందుకే అని గునిసింది. తన ఫోటో కోసమే కదా అంటే, నేనేమన్న అడిగిన్నా అంది. నిజమే, తనెప్పుడూ అడగలేదు. అడగలేదనే కదా తీసేయమంటున్నారు.

అప్పుడు నేను ఒక పని చేశాను. టిఫ్ ఫోన్లలో తెరుచుకోదు, బరువు కూడా ఎక్కువ. దాని నుంచి మంచి నాణ్యతతో ఒక జేపీజీ చేసి, మా స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఫోటోగా పంపితే ఫోను దాన్ని మళ్ళీ పిండేస్తుంది. అందుకే డాక్యుమెంటుగా పంపాను, అలా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. కింద ఒకటే రాశాను: వేళ్ళతో పెద్దది చేసి చూడండి.

చూశారు. ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒకామె చనిపోయిన వాళ్ళ నాయనమ్మను వెనక వరసలో గుర్తుపట్టి, డ్యూటీలోంచే ఏడుస్తూ మాట రికార్డు చేసి పంపింది. ఒక కోడలు అత్తగారి మొహం మీద వేలితో గుండ్రంగా గీత గీసి పెట్టింది. రెండు రోజుల్లో పదిహేను మందిలో పన్నెండు మంది ఎవరెవరో తేలిపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు ఇళ్ళకు వెళ్ళలేదు. చాపల మీదే కూర్చుండిపోయారు. కమిటీ కుర్చీలు వేసుకునేసరికి ఎదురుగా నలభై మంది. కార్యదర్శి గారు పుస్తకం గౌరవం గురించి మాట్లాడారు. పెద్దమ్మ నేల మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచింది.

"మేము మట్టితోనే కట్టినం అయ్యగారూ. మట్టి అంటకుంట ఎట్ల కడతరు?"

అయ్యగారు తల దించుకున్నారు. తర్వాత, పూర్తి పేజీ వేయమ్మా అన్నారు నాతో.

వేశాను. కానీ ఫోటో కింది మాటలు కార్యదర్శి గారు రాసిచ్చారు: నిర్మాణంలో సహకరించిన సోదరీమణులు. ఆ కాగితం కీబోర్డు పక్కన పెట్టుకున్నాను. మా అమ్మ సహకరించలేదు, మోసింది. ఆ వాక్యం చెరిపేసి, ఈ మందిరాన్ని కట్టిన స్త్రీలు అని కొట్టాను. అచ్చుకు పంపేటప్పుడు తెలుగు అక్షరాలు చెదరకుండా వాటిని కూడా బొమ్మల్లా గీతల్లోకి మారుస్తాం. ఒకసారి మార్చి పీడీఎఫ్ చేశాక అచ్చు దగ్గర ఎవరూ మాట దిద్దలేరు. మార్చేసి పంపాను. ఎవరినీ అడగలేదు.

ఆవిష్కరణ రోజు పెద్దమ్మ చదవడం రాకపోయినా ఆ పేజీని పక్కవాళ్ళ చేత మూడుసార్లు చదివించుకుంది. మధ్యాహ్నం కార్యదర్శి గారు నన్ను మెట్ల దగ్గర ఆపారు. పొరపాటున పడిందా అని అడిగారు. తప్పించుకోవడానికి దారి చూపించారనుకుంటాను.

"పొరపాటు కాదు సార్. నేనే మార్చాను. మళ్ళీ అచ్చువేసినా అట్లనే వేస్తా."

ఆయన మెట్లు దిగిపోయారు. సంఘం పనులు ఇప్పుడు వేరే షాపుకు వెళ్తున్నాయి, క్యాలెండర్ కూడా అక్కడే వేయించారు. ఓనరన్న ఆ మాట వారానికోసారి ఎత్తుతాడు. ఆదివారం ఎదురుపడితే కార్యదర్శి గారు నా వందనం అందుకోకుండా వెళ్ళిపోతారు. నేను వందనం చెప్పడం మానలేదు. నలుగురికీ వినపడేలా చెబుతున్నాను.