బొమ్మ ఊళ్లో వరండా లైటు

ఇరవై ఆరేళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసిన ఆవిడని మా ఆఫీసులో అందరం మీటరక్క అంటాం. పట్టపగలు లైటు వెలుగుతుంటే, ఎవరిల్లయినా సరే, లోపలికెళ్లి ఆర్పేసి నాలుగు చీవాట్లు పెట్టి వచ్చే రకం. ఆవిడ నోటికి పేటంతా హడల్. నాకైతే మరీనూ.

రాబోయే ఇరవై ఏళ్లకి పేటకి ఎంత కరెంటు కావాలో తేల్చడానికి నేను కంప్యూటర్లో ఒక బొమ్మ ఊరు కట్టాను. అందులో జనం నిద్ర లేస్తారు, నీళ్లు కాచుకుంటారు, ముసలివాళ్లవుతారు, పోతారు. ఏ ఇంటి అలవాటు ఏమిటో మీటరక్క చెప్పింది, నేను ఎక్కించాను.

కరెంటు పోయినప్పుడు వాడే పెద్ద బ్యాటరీ ఒక్కటే మంజూరైంది. ఒక్క సందుకే సరిపోతుంది. రాత్రంతా లైటు వెలిగే ఇంట్లో రోగి ఉన్నట్టు లెక్క. అలాంటి రాత్రులు ఏ సందులో ఎక్కువైతే బ్యాటరీ దానికే. శ్వాస మిషను మీద బతుకుతున్న దర్జీ భార్య సందుకే వస్తుందనుకున్నాం.

బొమ్మ ఊరు మీటరక్క సందుని చూపించింది. బొమ్మ ఊళ్లో ఆరో ఏట ఆవిడ పోయింది, ఇల్లు చీకటైపోయింది. ఆ రోజు నుంచి పక్కింటి వరండా లైటు ఆరలేదు. పద్నాలుగేళ్లు, ఒక్క రాత్రి కూడా. అలా చెయ్యమని నేను నేర్పలేదు.

ఆవిడని పిలిచి చూపించాను. తెర మీద వెలుగుతున్న ఆ ఇంటి మీద వేలు పెట్టింది.

"అది మా చెల్లి ఇల్లు. చెల్లి పోయి పదకొండేళ్లయింది. నేను డ్యూటీ నుంచి వచ్చేదాకా లైటు ఆర్పేది కాదు. ఆ ఇంటి అలవాటని నీకు అదే చెప్పాను."

తాళం వేసిన ఇంటికి పాత రీడింగు మీద కాస్త కలిపి రాసేయడం మీటరు వాళ్లకి అలవాటే. ఇల్లు ఖాళీ అని తెలిస్తే మీటరు పీకేస్తారు. అందుకని ఆవిడ పదకొండేళ్లూ చెల్లిని మీటరు లెక్కల్లో అలా బతికించుకుంటూ వచ్చింది.

ఒక్క ఇల్లేగా, ఉంచేద్దాం, ఎవరికి తెలుస్తుంది అన్నాను, బుద్ధి లేక. ఆవిడ ఆ వెలుగునే చూస్తూ అంది.

"దర్జీ భార్యకి ఊపిరాడాలి. తీసెయ్ నాయనా. ఆ ఇంట్లో ఎవరూ లేరు."

తీసేశాను. ఊరిని మళ్లీ మొదటి నుంచి నడిపాను. బ్యాటరీ దర్జీ సందుకి వెళ్లింది. కానీ ఈసారి మీటరక్క ఇంటి వరండా లైటే, మొదటి రోజు నుంచి ఆరో ఏట ఆవిడ పోయేదాకా, ఆరకుండా వెలిగింది. ఆవిడ అప్పటికే సంచీ తీసుకుని వెళ్లిపోయింది. ఆ సంగతి నేను చెప్పనే లేదు.

మర్నాడు ఆఫీసుకి ఆ సందులోంచే వెళ్లాను. ఎండ చుర్రుమంటోంది. మీటరక్క తాళం వేసిన పక్కింటికేసి చూస్తూ వరండాలో కూర్చుంది. నెత్తి మీద లైటు వెలుగుతోంది. నా చెయ్యి స్విచ్ దాకా వెళ్లింది.

"ఉండనివ్వు," అంది. "దాని ఇల్లు తీసేశాంగా. ఎక్కడికి రావాలో దానికి తెలియాలి."