తలంటుకుని వచ్చిన కీళ్లు

ఆరు నెలల శిక్షణ ముగించుకుని తిరుపతికి తిరిగొచ్చిన రోజుల్లో నా కాళ్లు నేల మీద నిలిచేవి కావు. అప్పట్లో మా ఊళ్లో పిల్లల డాక్టర్లు వీధికొకరు ఉన్నా, పిల్లల కీళ్లవాతాన్ని విడిగా నేర్చుకున్నవాళ్లు నాకు తెలిసి ఒక్కరూ లేరు. అది ముసలివాళ్ల జబ్బు కదా అని డాక్టర్లే నవ్వే కాలం. మా ఆసుపత్రివాళ్లు నన్ను దూరపు నగరానికి పంపి మరీ నేర్పించారు. ఆ గర్వంతో పెళ్లికి వెళ్లినా, లడ్డూ కోసం చెయ్యి చాపిన పిల్లల వేళ్లు వంచి చూసేదాన్ని. నలుగురైదుగురు ఏడుపు లంకించుకున్నాక మా అమ్మ నన్ను వంటల దగ్గరికి తరిమేసింది.

పిల్లల మీద చెయ్యి వేయకముందే సగం పరీక్ష కళ్లతో అయిపోవాలని శిక్షణలో మా గురువుగారు చెప్పేవారు. ఎలా నడిచి వచ్చారు, ఎలా కూర్చున్నారు, బిస్కెట్ల పొట్లం ఎలా చింపారు, అన్నీ గమనించాలి. నోటుపుస్తకం నిండా రాసుకున్నాను. రాసుకున్నదంతా వచ్చేసినట్టేనని నా ధీమా.

అలాంటి నా దగ్గరికి కాణిపాకం పక్క పల్లె నుంచి ఒక రైతు, ఆయన భార్య, ఏడేళ్ల కూతురిని తీసుకొచ్చారు. పొద్దున లేస్తూనే కాళ్లు చేతులు రావడం లేదని ఏడుస్తుందట, బడికి పోనంటుందట. పాప మాత్రం తలంటుకుని, రెండు జడల నిండా కనకాంబరాలు పెట్టుకుని, పట్టుపావడాలో చక్కగా నడిచి వచ్చింది. గొంతుక్కూర్చోమంటే కూర్చుంది. మునివేళ్ల మీద నడవమంటే నడిచింది. బిస్కెట్ల పొట్లం నాకంటే వేగంగా చింపేసింది. చీలమండలు కాస్త ఉబ్బినట్టు అనిపించినా, అంతసేపు బస్సులో కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది కదా అని సరిపెట్టుకున్నాను.

రెండు వారాలకు మళ్లీ వచ్చారు. అదే తలంటు, అవే పూలు, అదే నడక. ఈసారి నా ఆరు నెలల చదువూ గొంతులోకి తెచ్చుకుని తీర్పు చెప్పేశాను. జబ్బూ లేదు గిబ్బూ లేదు, బడి ఎగ్గొట్టడానికి నాటకం, కాస్త గట్టిగా ఉండండి అన్నాను. తండ్రి నాకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండా తల్లి పట్టుబట్టి మళ్లీ తీసుకొచ్చింది. డాక్టరమ్మ ఏమీ లేదన్నాక మళ్లీ ఎందుకని తండ్రికి సిగ్గు. ఆయన వరండాలోనే నిలబడిపోయాడు. నాకూ విసుగొచ్చి, ఇంత బాగున్న పిల్లను ఎన్నిసార్లు తెస్తారమ్మా అన్నాను.

"బాగుండేది యాడమ్మా? తెల్లారి అరగంట సేపు ఉడుకునీళ్లు పోస్తేగాని కాళ్లు సాగవు" అంది తల్లి.

మరి ఒక్కరోజు నీళ్లు పోయకుండా తీసుకురావచ్చు కదా అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"తిరపతికి నీళ్లు పోసుకోకుండా ఎట్ల వస్తామమ్మా? అందులోనూ డాక్టరు ముందరికి."

బిగుసుకున్న కీళ్లు వేడినీళ్లకు వదులవుతాయని నా నోటుపుస్తకంలో నేనే రాసుకున్నాను, కింద గీత కూడా గీశాను. ఆ తల్లి నా మీద గౌరవంతో ప్రతిసారీ జబ్బును శుభ్రంగా కడిగేసి తెచ్చింది. ఇంట్లో స్నానం చేయించారా అని నేను అడగనే లేదు.

ఆ రోజే పాపను వార్డులో చేర్చుకున్నాను. మర్నాడు పొద్దున్నే నేను వచ్చి చూసేదాకా స్నానం చేయించొద్దని కట్టడి చేశాను. కనీసం బొట్టన్నా పెట్టనీయమని తల్లి బేరమాడితే ఒప్పుకున్నాను.

మర్నాడు ఆ పాప మంచం దిగడం చూశాను. పక్కకు దొర్లి, కడ్డీ పట్టుకుని, మోకాళ్లు వంగక, ముసలమ్మలా ఒక్కో కాలే కిందికి దించింది. పాలగ్లాసు చుట్టూ వేళ్లు ముడవలేకపోయింది. మణికట్లు, చీలమండలు వెచ్చగా, ఉబ్బి ఉన్నాయి. ఇక అనుమానం లేదు. మందులు మొదలుపెడితే ఆడుతూ పాడుతూ తిరుగుతుంది, ఇంకా ఆలస్యం చేస్తే ఆ కీళ్లు వంకరపోతాయి. తల్లికి అదే చెప్పాను. నాటకమన్నది నా తప్పేనని పాపకూ చెప్పాను.

పాప నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పినావనే మా నాయన నన్ను కొట్టి బడికి పంపినాడు. ఇప్పుడు నువ్వే పోయి చెప్పు."

వెళ్లాను. ఆయన వరండాలోనే ఉన్నాడు. నాటకం కాదు, జబ్బే, నేనే పొరబడ్డాను అన్నాను. ఆయన లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చుని కూతురి పాదాలు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆడ నొప్పి నాయనా" అంది పాప.

ఆయన వెంటనే చేతులు తీసేశాడు.