లాభం తర్వాత రెండు

పోయిన నెలలో మా తోటికోడలికి పక్షవాతం వచ్చి మాట పడిపోతే, నాగర్‌కర్నూల్ దవాఖానలో ఆమె పక్కన కూర్చునే వంతు నాకొచ్చింది. మన వయసువాళ్లం ఈమధ్య పెళ్లిళ్లలో కన్నా దవాఖానల్లోనే ఎక్కువగా కలుసుకుంటున్నాం కదా. మాటలు నేర్పే అమ్మాయి, మా చిన్నమ్మాయి కన్నా చిన్నది, ట్యాబు పట్టుకుని మంచం అంచున కూర్చుని, ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమని మా తోటికోడలిని మెల్లగా అడిగింది. దాదాపు నలభై ఏళ్ల కిందట ఇదే దవాఖానలో ఇదే ప్రశ్న నేనొక మనిషిని అడిగాను, ఆయన చెప్పిన జవాబు తప్పని రాశాను.

డిగ్రీ పూర్తయిన కొత్తలో నేను పట్నంలో ఒక డాక్టరుగారి దగ్గర సహాయకురాలిగా చేరాను. మెదడుకు దెబ్బ తగిలినా, పక్షవాతం వచ్చినా కొందరికి మాట ఎందుకు పోతుంది, పోయినది ఎలా తిరిగి వస్తుంది అన్నది ఆయన పరిశోధన. మాది వనపర్తి కాబట్టి ఆ వైపు జనం మాట నాకు బాగా తెలుసని ఆయన నమ్మారు, ఆయన కన్నా ఎక్కువగా నేను నమ్మాను. భుజాన టేప్ రికార్డరు, సంచీలో బొమ్మల అట్టలు పెట్టుకుని గద్వాల బస్సు ఒకరోజు, నాగర్‌కర్నూల్ బస్సు ఒకరోజు ఎక్కి తిరిగేదాన్ని. ఆ అట్టల మీద బొమ్మలు ఎవరు వేశారో గాని, పొగగొట్టం ఉన్న ఇల్లు చూసి మల్దకల్‌లో ఒక ముసలమ్మ, మాట రాకపోయినా, నవ్వు ఆపుకోలేకపోయింది. మాట పోయినవాళ్లకు బుద్ధి కూడా పోయిందనుకుని, వాళ్ల ముందే వాళ్ల చావు గురించి మాట్లాడే ఇళ్లెన్నో చూశాను. లోపల అన్నీ తెలుస్తూనే ఉంటాయని, మాట ఒక్కటే నోటిదాకా రాదని చెప్పి చెప్పి నా గొంతు పోయేది.

ఆ ఏడు ఆషాఢంలో లింగాల దగ్గరి పల్లె నుంచి ఒక రైతును ఆయన భార్య బస్సులో నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకొచ్చింది. కుడిచేయి పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. ఊళ్లో ఎవరి కల్లంలో గింజలు కొలవాలన్నా ఆయన్నే పిలిచేవారని ఆమె చెబితే, పరీక్షకు అవసరం లేని సంగతని నేను రాసుకోలేదు. పెద్ద ఆశలేమీ లేవామెకు. "ఒక్కపారి నన్ను ఏమే అని పిలిస్తే సాలు బిడ్డా" అంది. పట్నం నుంచి వచ్చి మాటలు నేర్పేవాళ్లు కొద్దిమంది రోగులకే దొరికేవారు, ఆ కొద్దిమందిని నా కాగితాలు చూసే ఎంపిక చేసేవారు. అంటే ఆమె ఆశ నా కలం కింద ఉందన్నమాట.

ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టమన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు, ఎడమచేయి ఏదో తోడి పోస్తున్నట్టు కదిలింది, చాలాసేపటికి నోరు తెరుచుకుని "లాభం" అన్నాడు. కాదు, ఒకటి అనాలి అన్నాను. మళ్లీ లాభం. మూడోసారీ అదే. మాట పోయినవాళ్లలో కొందరికి ఒకే మాట నాలుక మీద ఇరుక్కుని, ఏమడిగినా అదే వస్తుంటుంది, ఆయనదీ అదేననుకున్నాను. మూడు తప్పులు వస్తే పరీక్ష ఆపాలని నియమం, ఆపేశాను. పక్కనున్న ఆమె ఏదో చెప్పబోయింది. టేపులో వేరే గొంతు పడకూడదు కాబట్టి పెదవుల మీద వేలు పెట్టి ఆమెను ఊరుకోమన్నాను. ఉత్తరం రాస్తామని చెప్పి పంపించాను, ఆ ఉత్తరం రాయలేదు.

మాఘంలో ఇంకో రోగి కోసం మానవపాడు వెళ్తే, ఆ ఇంటివాళ్లు కల్లంలో జొన్నలు కొలుస్తున్నారు. కొలిచే మనిషి కుంచం నింపి గోనెలో పోస్తూ, రాగం తీస్తున్నట్టు "లాభం" అన్నాడు, ఆ తర్వాత రెండు, మూడు అంటూ సాగిపోయాడు. ఇదేమిటని అడిగితే ఆ ఇంటావిడ నన్ను వింతగా చూసింది. "గింజల రాశి కాడ ఒకటి అంటరా ఏంది? మొదటి కుంచం ఎప్పటికీ లాభమే" అంది. కచేరీ గుమస్తా కూతుర్ని, బియ్యం కొట్టు నుంచి బస్తాల్లో రావడమే చూశాను గాని, పుట్టిన గడ్డ మీద కల్లం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు.

పట్నం వెళ్లి ఆ టేపు మళ్లీ విన్నాను. లాభం తర్వాత ఆయన గొంతులో "రెం" అని మొదలవుతోంది, దాని మీద నా "కాదు" పడుతోంది. మూడుసార్లూ అంతే. విని ఏడ్చాను. డాక్టరుగారు కోప్పడలేదు, మరునాటి నుంచి ఏ పరీక్షకైనా ముందు ఇంటివాళ్లతో మాట్లాడాలని నియమం పెట్టారు.

నేను లింగాల వైపు వెళ్లేసరికి ఏడు నెలలు దాటాయి. ఆయన అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో కుంచం పట్టుకుని జొన్నలు కొలుస్తున్నాడు. ఎవరూ చెప్పకుండానే ఆమె రోజూ పొద్దున్నే ఆయన ముందు గింజలు పోస్తోందట. "పది దాంక వస్తుండు బిడ్డా, ఆడ ఆగుతుండు. ఆడికెల్లి ఎట్ల దాటియ్యాలెనో నాకు తెల్వదు" అంది. అది తెలిసినవాళ్లను పంపించవలసింది నేనే. మొదటి నెలలే ముఖ్యమని, అప్పుడు వచ్చినంత మాట తర్వాత రాదని మా కాగితాల్లో నేనే ఎన్నోసార్లు రాశాను. ఆ తర్వాత రెండేళ్లు వీలైనప్పుడల్లా వెళ్లాను. నీళ్లు, ఉప్పు, బువ్వ, పోయిన ఎద్దు పేరు, ఇలా కొన్ని మాటలు వచ్చాయి. ఏమే అన్న పిలుపు మాత్రం రాకుండానే ఆయన పోయాడు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది.

మా తోటికోడలి దగ్గరికొచ్చిన ఈ అమ్మాయి, ట్యాబు తెరవకముందే ఆమె ఇంట్లో రోజూ ఏమేం పనులు చేసేదో, ఎవరిని ఏమని పిలిచేదో అరగంట అడిగి రాసుకుంది. మాకు ఒక మనిషిని పోగొట్టుకున్నాక తెలిసిన సంగతి వీళ్లకు చదువులోనే వచ్చేసింది, సంతోషమే. కాని ఇప్పుడు పంట కోసేదీ నూర్చేదీ యంత్రమే, తూచేది కాంటా, అంకె దానంతటదే వెలుగుతుంది, ఎవరూ నోరు తెరవక్కర్లేదు. ఆ అమ్మాయితో లాభం సంగతి చెబితే ఎన్నడూ వినలేదంది.

పొద్దున్నే వంటకు బియ్యం కొలిచేటప్పుడు మొదటి గ్లాసుకు నేను లాభం అంటాను. అని, రెండో గ్లాసు ముంచకుండా కాసేపు ఆగుతాను.