రోడ్డు మీద ప్లాటు

సిద్దిపేట ప్లాట్ల వ్యాపారులందరికీ సాష్టాంగపడి క్షమాపణ చెబుతూ, లైబ్రరీ గోడకు ఈ కాగితం అంటిస్తున్నాను. మీ పవిత్ర వృత్తికి మచ్చ తేవాలని నాకు లేదు. అది మీరే తెచ్చుకున్నారు.

రెండేళ్లు ట్యూషన్లు చెప్పి కూడబెట్టినదంతా పోసి, కొండపాక దారిలో నా జీవితంలో మొదటి ప్లాటు కొన్నాను. అప్పటికి అదంతా ఖాళీ చెలక. "కొత్త రోడ్డు మీదనే ఉంటది తమ్మీ" అన్నాడు బ్రోకరు మల్లేశన్న. రోడ్డు పక్కన అనుకుని మురిసిపోయాను. ఈ రోజు పోయి చూస్తే, నా నాలుగు హద్దు రాళ్ల మధ్య మొరం పోసి రోలరు తిప్పారు. మల్లేశన్న అక్కడే గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదేందన్నా, నా ప్లాట్ల రోడ్డేసిన్రు!"

"రోడ్డు మీదనే ఉంటదని ముందే జెప్పిన గద తమ్మీ. డిగ్రీ సదివినోనివి, నువ్వే సక్కగ ఇనలే."

"మరి ఇల్లు యాడ కట్టాలె?"

"నిన్ను ఇప్పుడే ఎవలు కట్టమన్నరు? రేటు పెరగనీ, అమ్ముకో!"

అప్పటి నుంచి నా ఒళ్లు మండుతూనే ఉంది. ఇట్లాగే మునిగినవాళ్లుంటే కింది ఖాళీలో పేర్లు రాయండి, కలిసే పోయి అడుగుదాం. ఒక్కడినే పోతే ఏమవుతుందో ఈ రోజు చూశాను. ఇది నా జాగ, కదలనని రోడ్డు నడుమ నిలబడ్డాను. వెనక మొరం ట్రాక్టరు వచ్చి ఆగింది.

"తొవ్వల నిలవడ్డవేందిరా, జరుగు!" అన్నాడు డ్రైవరు.

జరిగాను.