గుండీల డబ్బా

మొఘల్‌పురాలో నాకు కుట్టుపని నేర్పిన టీచరమ్మ పోయిన మంగళవారం చనిపోయింది. కిడ్నీలు చెడిపోయి పోయిందని గల్లీ అంతా అంటోంది. అది సగమే. మిగతా సగం అందరికీ చెప్పమని చివర్లో ఆమే అంది, అందుకే రాస్తున్నాను.

కుట్టు వంకర పోతే తిట్టేది కాదు. "విప్పు బిడ్డా, బట్టేం ఏడ్వదు" అనేది. ఆమె మిషన్ పక్కన గుండీల డబ్బా ఉండేది. రోజూ పొద్దున తొమ్మిదికి అది గలగలమనేది. రంగు కలిసే గుండీ వెతుకుతోందనుకునేదాన్ని.

ఆమెకు హెచ్‌ఐవీ ఉందని, సర్కారు దవాఖానా మాత్రల సీసాకు కాగితం పీకేసి ఆ గుండీల అడుగున దాచేదని కిందటి నెలే తెలిసింది. ఆమెను ఇన్నేళ్లు బతికించింది ఆ మందులే, వాటి మీద నాకు కోపం లేదు. ఏడాది కింద మార్చి ఇచ్చిన కొత్త మాత్ర కొందరి కిడ్నీల మీద పడుతుందట. అప్పుడప్పుడు రక్తపరీక్ష చేసి చూసుకోవాలట. వెళ్లిన ప్రతిసారీ "కిట్లు లేవు, వచ్చే నెల రా" అని పంపినవాళ్లను తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. "వేరే గోళీలేమన్న మింగుతున్నవా?" అని వరండాలో అందరి ముందు అరిచి అడిగితే ఎవరు నోరు విప్పుతారు? ఆమె లేదంది.

కానీ మింగింది. "నడుం గుంజుతున్నది, నొప్పి గోళీలు తెచ్చిపెట్టు బిడ్డా" అంటే నెలల తరబడి మెడికల్ షాపు నుంచి తెచ్చిచ్చింది నేనే. ఆ మాత్రతో పాటు ఇవీ మింగితే కిడ్నీలకు మరీ చేటని డాక్టరు చెప్పేసరికే ఆమె కాళ్లు ఉబ్బిపోయాయి.

దవాఖానా మంచం పక్కన నిలబడి ఆమె మీదే గయ్యిమన్నాను. "నాకొక్కదానికన్నా చెప్పొద్దా టీచరమ్మా?"

ఆమె మెల్లగా అంది: "మూలమీది ఇంటాయన గీ బీమారితోనే పోయిననాడు నువ్వేమన్నవ్ బిడ్డా? ఆ ఇంటి బట్టలు ముట్టనంటివి. నన్ను గూడ ఇడిచిపోతవని ఫికరైంది."

అన్నాను. బట్టలతో అంటదని అప్పుడు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

"నాలెక్క దాచుకోవద్దని చెప్పు అందరికి. ఏ గోళీ మింగినా డాక్టరుకు చెప్పమను" అంది. అదే ఆమె నేర్పిన ఆఖరి పాఠం.

ఇప్పుడా డబ్బా నా మిషన్ పక్కనే ఉంది. అడుగున కాగితం పీకిన సీసా, నేను తెచ్చిన నొప్పి గోళీలు ఇంకా నాలుగు. ఇవాళ నీలం గుండీ కోసం చెయ్యి పెట్టాను. డబ్బా గలగలమంది. గోడ గడియారం చూశాను, తొమ్మిదయింది.